కింద కారు, పైన గది: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు,

రెండంతస్తుల చెక్క గ్యారేజీ ఎలా నిలబడుతుందని అడిగారు కదా. ముందు నాలుగు పుల్లల్ని చతురస్రంగా పేర్చి, మూలల్లో దారం కట్టి, పై పుల్లను పక్కకి నెట్టండి. ఒరిగిపోతుంది. ఇప్పుడు మూల నుంచి మూలకి ఐదో పుల్ల కట్టి నెట్టండి. మొరాయిస్తుంది!

గోడను నేలమీద పడుకోబెట్టి తయారుచేసి, తర్వాత లేపి నిలబెడతారు. కిందో పట్టె, పైన పట్టెలు, నడుమ 16 అంగుళాలకొకటి నిలువు కర్ర. 16 ఎందుకంటారా? ప్లైవుడ్ పలక వెడల్పు 48 అంగుళాలు. పదహారు మూళ్ళు నలభై ఎనిమిది. పలక అంచు కచ్చితంగా కర్ర మీదే పడుతుంది, మేకుకి పట్టు దొరుకుతుంది. మీ ఐదో పుల్ల చేసిన పని గోడలో ఆ పలకే చేస్తుంది. అది కొట్టేముందు ఎదురు మూలల మధ్య దూరాలు రెండూ కొలవాలి. సమానంగా లేవా, గోడ వంకరగానే బిగుసుకుపోతుంది.

అసలు చిక్కు తలుపు దగ్గర. రెండు కార్లకి ఒకే తలుపంటే సుమారు 16 అడుగుల ఖాళీ. దాని పైనున్న బరువును ఒక దూలం మోసి, రెండు పక్కల గుంజలకి అందిస్తుంది. అందరూ ఆ దూలం లావు చూసి ధైర్యపడతారు. నేనైతే తలుపుకి అటూ ఇటూ మిగిలిన సన్నటి గోడముక్కల్ని చూస్తాను. పక్కగాలిని తట్టుకోవాల్సింది అవే. వాటికి పలకను దగ్గరదగ్గరగా మేకులు కొట్టి, అడుగున పునాదికి బోల్టులతో బిగించాలి.

కింది గోడల మీద దూలాలు పరిచి పలకలు కొడితే పై గది నేల సిద్ధం. పై గోడలకి అదే పనిబల్ల.

ఇక వాసాలు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు గానీ, కట్టేవాడికి తప్పదు! రెండు అట్టముక్కల్ని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. కాళ్ళు జారి విచ్చుకుంటాయి. వాసాలూ అలాగే గోడల్ని బయటికి తోస్తాయి. వాటి కింది కొసల్ని అడ్డపట్టెతో కలిపితే త్రికోణమై ఆగుతాయి. గదికి ఎత్తు కావాలని ఆ పట్టెలు తీసేస్తే మాత్రం, శిఖరాన బరువు మోసే దూలం వేసి, దాని కొసల కింద గుంజలు దించాలి. తలుపు ముక్కోణపు గోడవైపే, అంటే ఆ శిఖరపు దూలం కొస ఆనే గోడవైపే, ఉందనుకోండి, అందులో ఒక గుంజ తిన్నగా తలుపు దూలం నడుమకే దిగుతుంది. అందుకే పైకప్పు సంగతి తేలకుండా కింది దూలం కొలత రాయరు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య