తీగ బిగువు గ్రాముల్లో తెలుస్తుంది

కాజీపేటలో చర్చి గాయకబృందంతో డబుల్ బేస్ (వయొలిన్ ఆకారంలో ఉండే, నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం) వాయించే ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఇది: "గంట వాయించేసరికి ఎడమచేతి వేళ్లు మొద్దుబారిపోతున్నాయి. బిగువు తక్కువ తీగలు వేసుకోమంటున్నారు. తీగల పొట్లాల మీద లైట్, మీడియం అని రాసి ఉంటుంది. అవి దేని కొలతలు? ఏవి కొనాలి?"

ఇంటర్ రెండో ఏడాదిలో సాగదీసిన తీగ సూత్రాలు అందరూ చదివినవే. చెక్కపెట్టె మీద తీగ సాగదీసి ఉండే సోనామీటరుకు అరకిలో బరువులు ఒక్కొక్కటిగా తగిలించడం, పట్టిక నింపడం, మార్కులు తెచ్చుకోవడం. ఆ తీగను చెవి పెట్టి వినమని మాత్రం పిల్లలకు ఎవరూ చెప్పరు. ఈ యువకుడి నొప్పికి జవాబు అక్షరాలా ఆ పాఠంలోనే ఉంది.

తీగ పలికే స్వరం మూడింటిని బట్టి ఉంటుంది: పొడవు, బిగువు (పాఠంలో తన్యత అంటాం), మీటరు తీగ తూగే బరువు. ఈ సంబంధాన్ని ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లోనే ప్రచురించాడు. బిగువు నాలుగింతలైతే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. మన ఊళ్లలో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి ఒంటితీగ వాద్యం జమిడికలో ఇది కళ్లకు కనిపిస్తుంది. తీగ బరువు మారదు. చెయ్యి బిగిస్తే స్వరం లేస్తుంది, వదిలితే దిగుతుంది.

డబుల్ బేస్‌లో ఆ స్వేచ్ఛ లేదు. మామూలుగా దొరికే ముప్పాతిక సైజు వాద్యంలో పలికే తీగ పొడవు సుమారు 106 సెంటీమీటర్లు. స్వరాలూ ముందే నిర్ణయమైపోయాయి: లావు తీగ నుంచి సన్నదాని దాకా వరుసగా సెకనుకు 41.2, 55, 73.4, 98 కంపనాలు. పొడవూ స్వరమూ కదలనప్పుడు మిగిలినవి బిగువు, బరువు. అవి రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి, తగ్గుతాయి. కాబట్టి బిగువు తక్కువ తీగ అంటే తేలిక తీగ. పొట్లం మీది 'లైట్' అనే మాట అదే చెబుతోంది.

దీన్ని ఇంట్లోనే తూచి చూడవచ్చు. పాతబడి తీసేసిన తీగలో సరిగ్గా ఒక మీటరు ముక్క కత్తిరించి, చుట్టు విడిపోకుండా చివర్లకు దారం కట్టి, బంగారం తూచే త్రాసులో వేయండి. వచ్చిన గ్రాములను లావు తీగకు 0.78తో, తర్వాతి వాటికి వరుసగా 1.39, 2.47, 4.4తో గుణించండి. వచ్చేది ఆ తీగ బిగువు, కిలోల్లో. లావు తీగ మీటరుకు 38 గ్రాములు తూగితే బిగువు దాదాపు 30 కిలోలు. 28 గ్రాములే తూగితే 22 కిలోలు.

ఇప్పుడు వేళ్ల సంగతి. పెరట్లో రెండు గుంజల మధ్య కట్టిన దండెం దగ్గరికి వెళ్లండి. నడిమధ్య వేలితో నొక్కితే సులువుగా దిగుతుంది. గుంజకు జానెడు దూరంలో అంతే కిందికి దించాలంటే చెయ్యంతా బిగుసుకుంటుంది. తాడు బిగువు రెండుచోట్లా ఒకటే. తేడా వంపు కోణంలో ఉంది: గుంజ దగ్గర అదే లోతుకు తాడు చాలా నిటారుగా వంగాలి. వేలి మీది బరువు అంటే బిగువును ఆ కోణంతో గుణించడమే. 28 కిలోల బిగువున్న తీగను మధ్యలో ఒక మిల్లీమీటరు నొక్కడానికి సుమారు 105 గ్రాముల బరువు చాలు. మెడ పైచివర తీగ ఆనుకునే గట్టు నుంచి మొదటి అర్ధస్వరం దగ్గర, అంటే 6 సెంటీమీటర్ల దూరంలో, అదే ఒక్క మిల్లీమీటరుకు 500 గ్రాములు కావాలి! గట్టు ఎత్తుగా ఉండి అక్కడ తీగ ఫింగర్ బోర్డు (వేళ్లతో తీగను అదిమే పలక) మీద ఒకటిన్నర మిల్లీమీటర్లు లేచి ఉందనుకోండి, ప్రతి నొక్కుకూ ముప్పాతిక కిలో. గట్టు మీద తీగలు కూర్చునే గాళ్లను కొంచెం లోతు చేసి ఆ ఎత్తును 0.8కి తెస్తే 400 గ్రాములు. తీగలు మార్చకుండానే భారం దాదాపు సగానికి వచ్చింది.

మధ్యలోనూ ఇదే లెక్క. అక్కడ తీగ 6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే 630 గ్రాముల భారం. బిగువును 22 కిలోలకు తగ్గిస్తే 500. పాత తీగనే ఉంచి ఎత్తును నాలుగున్నరకు దించితే 475. ఇక్కడి ఎత్తును నిర్ణయించేది బ్రిడ్జి, అంటే పైపలక మీద నిలబడి తీగలను మోసే చెక్క. ఖరీదైన తీగల కంటే దాని సర్దుబాటు ఎక్కువ సుఖం ఇవ్వగలదు. వేళ్లు పగిలితేనే విద్య పట్టుబడుతుందనే నమ్మకం సంగీతం నేర్పేచోట ఇంకా బతికే ఉంది. నాకు ఆ నమ్మకం మీద కోపం. వేళ్లు పగిలాయంటే ముందు ఎత్తు కొలవాలి.

ఓరుగల్లు వాతావరణానిదీ ఇందులో వాటా ఉంది. మే నెల ఎండకు చెక్క ఆరి ముడుచుకుంటుంది. వానలు పడగానే తేమ పీల్చి ఉబ్బుతుంది. వాద్యం పైపలక కొద్దిగా లేస్తుంది, దానితో పాటు బ్రిడ్జీ, తీగలూ లేస్తాయి. వేసవిలో హాయిగా ఉన్న వాద్యం శ్రావణంలో చేతికి మొరాయించడానికి కారణం ఇదే. బ్రిడ్జి కాళ్లకు మరచక్రాలు పెట్టించుకుంటే ఎత్తును ఋతువును బట్టి మార్చుకోవచ్చు.

తేలిక తీగకు దాని ఖరీదు దానికుంది. వదులు దండెం ఎక్కువ ఊగుతుంది కదా. బిగువు 28 నుంచి 22కు దిగితే, అదే బలంతో మీటిన తీగ పావువంతుకు పైగా ఎక్కువ వెడల్పున ఊగి ఫింగర్ బోర్డును తాకి బరబరమంటుంది. దాన్ని ఆపడానికి ఎత్తు పెంచితే సంపాదించిన సుఖం కొంత తిరిగి పోతుంది. ఇంకొకటి: తీగ నుంచి బ్రిడ్జికి శక్తి చేరవేసే గుణాన్ని అవరోధం (ఇంపెడెన్స్) అంటారు. స్వరమూ పొడవూ మారనప్పుడు అది సరిగ్గా బిగువు నిష్పత్తిలోనే తగ్గుతుంది. అందుకే ఒకే వెడల్పున ఊగినా తేలిక తీగ తక్కువ వినిపిస్తుంది, కమానును గట్టిగా అదిమితే గొంతు నొక్కినట్టవుతుంది. మరోపక్క, నాలుగు తీగల మొత్తం బిగువు 112 నుంచి 88 కిలోలకు దిగడంతో పైపలక మీది ఒత్తిడి సడలుతుంది. కొన్ని వాద్యాలు అప్పుడు మరింత విప్పారి పలుకుతాయి.

ఇక కొనడం. వియన్నాకు చెందిన థోమాస్టిక్ వారి స్పైరోకోర్‌లోనూ, జర్మనీకి చెందిన పిరాస్ట్రో వారి ఎవా పిరాజ్జిలోనూ 'వైష్' అని గుర్తున్న రకాలు తేలికవి. ఇంకో దారి కూడా ఉంది. ఏకవాద్య కచేరీల కోసం ఒక పూర్తి స్వరం పైకి శ్రుతి చేసే సోలో తీగలు దొరుకుతాయి. వాటిని మామూలు శ్రుతికి దించితే బిగువు ఐదోవంతు తగ్గిపోతుంది. గొర్రెపేగు తీగలు చేతికి మెత్తగా ఉంటాయి, కానీ తేమకు శ్రుతి తప్పుతాయి. మన వానాకాలానికి నేను వాటిని సిఫారసు చేయను.

చర్చి పాటలకు ఎక్కువగా వేలితో మీటే ఈ యువకుడికి నా సలహా: ముందు గట్టు గాళ్లు, తర్వాత బ్రిడ్జి ఎత్తు, అప్పటికీ నొప్పి తగ్గకపోతే తేలిక తీగలు. మార్చేటప్పుడు నాలుగూ ఒక్కసారి విప్పవద్దు. వాద్యం లోపల పైపలకకూ వెనకపలకకూ మధ్య నిలబెట్టిన చిన్న చెక్కకడ్డీని జిగురుతో అతికించరు, తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. ఒకటి విప్పి, కొత్తది ఎక్కించి, శ్రుతికి తెచ్చి, బ్రిడ్జి ముందుకు వాలలేదని చూసుకున్నాకే రెండోదాని మీద చెయ్యి వేయాలి.