సైకిల్ గేరు, బావిలో చేద

మా పక్క ఫ్లాటులో ఉండే కుర్రాడిది మదనపల్లె. పోయిన ఆదివారం వచ్చి అడిగాడు: "అన్నా, సంక్రాంతికి సైకిల్ మీద ఊరికి పోదామనుకుంటున్నా. షాపులో 21 గేర్లది ఒకటి, 24 గేర్లది ఒకటి చూపించారు. ఏది తీసుకోమంటావు?"

బెంగళూరులో మా మారతహళ్లి నుంచి హోస్కోట, చింతామణి మీదుగా మదనపల్లెకు సుమారు 120 కిలోమీటర్లు. క్యారియర్ మీద బట్టలు, అమ్మకి చీర, దారిలో నీళ్ళు. ఓపికుంటే మర్నాడు హార్స్‌లీ హిల్స్ కూడా ఎక్కుతాడట. మిగతా రోజుల్లో అదే సైకిల్ మీద ఆఫీసు, కూరగాయలు, పది కిలోల బియ్యం బస్తా.

"ఎన్ని గేర్లున్నాయని కాదు, అన్నిటికన్నా చిన్న గేరు, అంటే పెడల్ ఒక్క చుట్టుకు తక్కువ దూరం పోయేది, ఎంత చిన్నదో అడుగు" అన్నాను. ఎందుకో చెప్పాలంటే బావి దగ్గరికి వెళ్ళాలి.

మనిషి 70 కిలోలు, సైకిల్ 15, సామాను 15. మొత్తం 100 కిలోలు. వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఘాట్ రోడ్డు మీద ఈ బరువు వెనక్కి లాగే బలం 59 న్యూటన్లు. టైర్లు దొర్లడానికి ఇంకో 8 వేసుకుంటే 67. రోజూ తొక్కే అలవాటున్న మనిషి గంటసేపు 150 వాట్లు ఇవ్వగలడనుకుంటే, వేగం సెకనుకు 2.24 మీటర్లు, అంటే గంటకు 8 కిలోమీటర్లు. గాలి సంగతి ఈ వేగంలో వదిలేయొచ్చు.

ఇదే శక్తితో ఆరు మీటర్ల లోతు బావిలోంచి నిమిషానికి సుమారు 150 లీటర్ల నీళ్ళు తోడొచ్చు. తొట్టి నిండాలంతే, ఎంత చేదతో తోడారన్నది తొట్టికి పట్టదు. చేతులకు మాత్రం పడుతుంది.

తాతల కాలం నాటి నల్ల సైకిల్ తీసుకోండి. మా ఇంట్లో ఉన్నదానికి ముందు పెడల్ దగ్గరి పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక చక్రం మీది పళ్ళచక్రానికి (ఫ్రీవీల్) 18. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. ఆ మిట్ట మీద ఒక్కో చుట్టుకు చేయాల్సిన పని 368 జౌళ్ళు. బావి లెక్కలో ఇది ఆరు లీటర్ల చేద. నిమిషానికి పాతిక సార్లు తోడాలి. పెడల్ మీద సగటున 35 కిలోల బరువు పడాలి. పెడల్ పైన, కింద ఉన్నప్పుడు తొక్కుడు దాదాపు సున్నా కాబట్టి, మధ్యలో దిగేటప్పుడు అది 55 కిలోల దాకా పోతుంది. 70 కిలోల మనిషి సీటు మీద కూర్చుని అంత తొక్కలేడు. అందుకే లేచి నిలబడతాం, ఆ తరవాత దిగి తోస్తాం.

ఇప్పుడు ముందు 26 పళ్ళు, వెనక 32 పళ్ళు ఉన్న గేరు వేయండి. ఒక చుట్టుకు 1.8 మీటర్లు. చేద రెండు లీటర్లకు తగ్గింది, తోడడం నిమిషానికి 75 సార్లయింది. నీళ్ళు అవే 150 లీటర్లు. పెడల్ మీద సగటు బరువు మాత్రం 11 కిలోలే. గిలక మారలేదు, బావి మారలేదు, తోడే మనిషి మారలేదు.

మరి ఇంకా చిన్న చేద, గ్లాసుడు నీళ్ళు పట్టేది, వాడితే? అప్పుడు నీళ్ళకన్నా తాడు లాగడానికే ఎక్కువ ఓపిక ఖర్చవుతుంది. కాళ్ళకూ బరువుంది, వాటిని ఊరికే గిరగిరా తిప్పడానికీ శక్తి పోతుంది. పైగా గంటకు 4 కిలోమీటర్ల కన్నా నెమ్మదిస్తే బరువున్న సైకిల్ తూలడం మొదలవుతుంది. అక్కడితో చిన్న గేరు ఉపయోగం అయిపోతుంది, నడవడమే మేలు.

బళ్ళో మాకు కప్పీలు, పళ్ళ చక్రాలు చెప్పారు గానీ సూత్రం బట్టీ పెట్టించారు. సైకిల్ తలకిందులు చేసి, టైరు మీద సుద్దతో గీత గీసి, పెడల్ ఒక్క చుట్టు తిప్పి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో పిల్లల చేత లెక్కపెట్టిస్తే పది నిమిషాల పని. టీచర్లు ఎవరైనా చదువుతుంటే దయచేసి చేయించండి.

చిన్న గేరులో తొక్కడం చేతగానితనమని, కాళ్ళకు బలం రాదని ఒక నమ్మకం ఉంది. ఇది మన దగ్గరే పుట్టింది కాదు. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో గేరు మార్చే డిరైల్యూర్‌ను 1937 దాకా రానివ్వలేదు. నిజానికి మోకాళ్ళ మీద ఎక్కువ బరువు వేసేది ఆరు లీటర్ల చేదలాంటి పెద్ద గేరు.

ఇక 21 సంగతి. ముందు 42, 34, 24 పళ్ళు, వెనక 14 నుంచి 28 దాకా ఏడు పళ్ళచక్రాలు అనుకోండి. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగిస్తే, పెడల్ ఒక్క చుట్టుకు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. 42ను 24తో భాగిస్తే 1.75. 34ను 20తో భాగిస్తే 1.70. 24ను 14తో భాగిస్తే 1.71. మూడు గేర్లుగా అమ్మారు, కాలికి తెలిసేది ఒకటే. ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. కాబట్టి 24 గేర్లన్న అంకె చూసి డబ్బులు ఎక్కువ పెట్టనక్కర్లేదు.

ఆ కుర్రాడికి నేను చెప్పింది ఇది: 21 గేర్లదే తీసుకో, వెనక ఫ్రీవీల్ మాత్రం 14-34 వేయించు. ఏడు చక్రాల్లో ఆరు మామూలువే, చివరిది ఒక్కసారిగా 24 నుంచి 34కు దూకుతుంది. 24ను 34తో భాగిస్తే 0.7, చుట్టుకు 1.55 మీటర్లు. పది శాతం వాలు మీద కూడా కూర్చునే తొక్కొచ్చు. అన్నిటికన్నా పెద్ద గేరు, 42-14, అంటే 3, నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు దాదాపు 32 కిలోమీటర్లు. సామానుతో అంతకన్నా వేగం ఎందుకు? 50 పళ్ళ పెద్ద చక్రం ఉన్న సైకిల్ చూస్తే నాకు వాడకుండా అటక మీద పెట్టిన గంగాళం గుర్తొస్తుంది.

ఊళ్ళో తిరగడానికే అయితే వెనక చక్రం మధ్యలోని హబ్ లోపల గేర్లుండే రకం నాకు చాలా ఇష్టం. స్టర్మీ-ఆర్చర్ వాళ్ళ ఏడబ్ల్యూ హబ్ లోపల మధ్యలో 20 పళ్ళ సూర్యచక్రం కదలకుండా ఉంటుంది, చుట్టూ 20 పళ్ళ గ్రహచక్రాలు, వాటి బయట 60 పళ్ళ వలయం. గ్రహచక్రాలను పట్టి ఉంచే పంజరాన్ని తిప్పితే వలయం ఒకటింబావు కన్నా కాస్త ఎక్కువ, 1.33 రెట్లు తిరుగుతుంది. వలయాన్ని తిప్పి పంజరం నుంచి తీసుకుంటే 0.75. నేరుగా అయితే 1. వానకీ దుమ్ముకీ అందదు, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా గేరు మారుతుంది. కానీ చిన్న గేరుకు పెద్ద గేరుకు మధ్య తేడా 1.78 రెట్లే. మన కుర్రాడికి నాలుగు రెట్లు కావాలి.

బరువు మోసే సైకిల్‌కు గేర్ల తరవాత చూడాల్సింది వెనక ఇరుసు. ఫ్రీవీల్ రకంలో కుడిపక్క బేరింగు బాగా లోపలికి ఉంటుంది, ఇరుసు చాలా దూరం ఆధారం లేకుండా బయటికి వస్తుంది. గుంతల రోడ్డు మీద ఎక్కువ బరువుతో తిరిగితే వంగేది అక్కడే. క్యాసెట్ రకంలో, అంటే పళ్ళచక్రాలు హబ్‌లోనే భాగమైన గొట్టం మీద కూర్చునే దాంట్లో, బేరింగు చివరిదాకా వస్తుంది. రోజూ 20 కిలోలకు మించి మోసేవాళ్ళు క్యాసెట్ ఉన్న చక్రం, 36 స్పోకులతో, తీసుకోవడం మంచిది. టైరు 37 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వాల్వు కారు ట్యూబుకు ఉండేలాంటిదైతే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పడుతుంది.

ఆయుధపూజకు చక్రాల కింద నిమ్మకాయలు మేమూ పెడతాం. ఆ రోజే చైన్ కూడా కొలుస్తాను. కొత్త చైన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే మార్చాల్సిందే, లేకపోతే అది పళ్ళను తినేస్తుంది.

వెనక 34 వేసేటప్పుడు ఒక జాగ్రత్త. డిరైల్యూర్ అంత పెద్ద చక్రాన్ని పట్టగలదో లేదో ముందు అడగాలి. చైన్ పాత పొడవే ఉంచితే, ముందు 42, వెనక 34 పొరపాటున పడిన రోజు చైన్ బిగుసుకుపోయి డిరైల్యూర్ విరుగుతుంది. ఆ కుర్రాడు ఫ్రీవీల్ కొనుక్కొచ్చాడు. శనివారం ఇద్దరం కూర్చుని చైన్‌కు లింకులు కలుపుతాం.