క్రిస్మస్ దీపాల ఫోటోల్లో నల్ల చారలా? మీ కెమెరా పాడవలేదు

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే చాలు, విశాఖ పాత నగరంలో స్టార్లు, యేసు పుట్టుకను చూపే పశువుల పాకల బొమ్మలు ఫోటో తీసేవాళ్ళ నుంచి నాకు ఒకే ఫిర్యాదు మొదలవుతుంది: "ఫోటో నిండా నల్ల చారలు పడుతున్నాయి, సెన్సర్ (వెలుగును బొమ్మగా పట్టే భాగం) పోయిందా?" పోలేదు. ఈ ఒక్క అపోహతో జనం వదిలించుకుంటున్న డబ్బు తలచుకుంటే బాధ, కోపం రెండూ వస్తాయి.

నిరుడు ఫోటోల కోసం కురుపాం మార్కెట్ నుంచి, పైన చర్చి ఉన్న రాస్ కొండ వైపు నడుస్తుండగా, మా బృందంలోని ఒక నర్సు దారిలోనే ఫోను సంచిలో పెట్టేసింది. ఎందుకని అడిగితే, "కెమెరా మొత్తం మార్చాలని రిపేరు షాపులో చెప్పారు అన్నయ్యా, జీతం రాగానే ఇచ్చేస్తాను" అంది. ఆ ఫోను తీసుకుని, ఎదురింటి వరండాలో వేలాడుతున్న కాగితపు స్టార్‌ను ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే పెట్టుకునే పద్ధతి), షట్టర్ 1/50 దగ్గర, అంటే సెకనులో యాభయ్యో వంతు సేపు వెలుగు లోపలికి వచ్చేలా పెట్టి తీశాను. ఒక్క చార లేదు. ఆ తర్వాత రాత్రంతా ఆమే అందరికంటే ఎక్కువ ఫోటోలు తీసింది.

జరిగేది ఇదీ. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవర్తనాలు; ఒక్కో ఆవర్తనంలో రెండుసార్లు ఉధృతమై తగ్గుతుంది. నాసిరకం ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంది; ఒకే డయోడు (కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే భాగం) మీద నడిచే చవక సీరియల్ సెట్లయితే ఆవర్తనంలో సగమే వాడుకుంటాయి కనుక 50 సార్లు. కంటికది తెలియదు. ఫోను సెన్సరేమో బొమ్మను ఒకేసారి చదవదు, వరుస తర్వాత వరుస చదువుతుంది. దగ్గరగా ఉన్న స్టార్ బాగా వెలుగుతుంటే ఆటో మోడ్ షట్టర్‌ను 1/1000 దాకా తీసుకుపోతుంది. అప్పుడు కొన్ని వరుసలకు వెలుగు, కొన్నింటికి చీకటి దక్కుతాయి. అవే చారలు. 1/50 పెడితే ప్రతి వరుసకూ కరెంటు పూర్తి ఆవర్తనం అందుతుంది. వీడియోకూ అదే లెక్క. సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ (ఈ చారలను తగ్గించే ఏర్పాటు) ఉంటే 50 హెర్ట్జ్ ఎంచుకోండి. ఇంకా అనుమానం తీరకపోతే పట్టపగలు ఎండపడ్డ గోడను ఫోటో తీయండి. అందులో చారలు లేకపోతే సెన్సర్ నిక్షేపంగా ఉన్నట్టే. ఈ పరీక్ష చేయకుండా విడిభాగం మార్చమనే వాళ్ళ మాట దయచేసి నమ్మకండి.

బాగా చీకటి పడ్డాకే దీపాలు బాగా వస్తాయన్నది ఇంకో అపోహ. డిసెంబరు చివర ఇక్కడ సూర్యాస్తమయం సుమారు 5.30కి. తర్వాతి అరగంటలో ఆకాశం నీలంగా ఉండి, కొండ మీది చర్చి ఆకారం, దీపాలు రెండూ దక్కుతాయి. ఏడింటికి వస్తే నల్లటి ఆకాశంలో చుక్కలే మిగులుతాయి. ఫ్లాష్ అసలు వద్దు, దీపాల వెలుగునే చంపేస్తుంది. ఖరీదైన కెమెరా కోసం వాయిదాలు కట్టనక్కర్లేదు, ఫోనును పిట్టగోడకు ఆనించి సెకను పాటు షట్టర్ తెరిచి ఉంచితే మిణుకుమిణుకు సెట్లు కూడా పూర్తిగా పడతాయి.

చివరగా, "మేం క్రైస్తవులం కాము, లోపలికి రానిస్తారా?" అని జంకేవాళ్ళకు. రాస్ కొండ పక్కనే దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ ఉన్నాయి. మూడింటినీ ఎక్కే మనుషుల ఊరిది. నాతో వచ్చినవాళ్ళను ఏ చర్చిలోనూ వెనక్కి పంపలేదు. ఇంటి ముందు అలంకరణ తీయాలంటే మాత్రం తలుపు తట్టి అడగండి. ఆరాధన జరుగుతుంటే కెమెరా లోపల పెట్టండి. 25వ తేదీ రద్దీలోనే తీసేయాలన్న తొందరా అక్కర్లేదు, క్యాథలిక్ చర్చిల్లో పశువుల పాకను సాధారణంగా జనవరి 6 దాకా ఉంచుతారు.