చేతికొచ్చిన ముక్కలు: రమ్మీ, పోకర్ వివాదం వెనక ఒక సికింద్రాబాద్ కేసు

ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ మళ్లీ కోర్టు మెట్లెక్కాయి. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టాన్ని కంపెనీలు వేర్వేరు హైకోర్టుల్లో సవాలు చేశాయి. సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ పిటిషన్లను తన దగ్గరికే తెప్పించుకుంది. అందరికంటే ముందు కోర్టుకు వెళ్లింది హైదరాబాద్ కంపెనీయే. ఏ23 పేరుతో రమ్మీ, పోకర్ నడిపిన హెడ్ డిజిటల్ వర్క్స్ కర్ణాటక హైకోర్టు తలుపు తట్టింది. దాంతో పాత ప్రశ్న మళ్లీ లేచింది. ముక్కలు పంచగానే గెలుపోటములు తేలిపోతాయా? లేక చేతికొచ్చిన ముక్కల్ని చూసి ఆడాలా మానాలా అని తేల్చుకోవడంలో అసలు ఆట ఉందా?

ధర్మరాజు పాచికల సంగతీ, 1867 నాటి తెల్లదొరల జూద చట్టం సంగతీ అందరికీ తెలిసినవే. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే అంత వెనక్కి పోనక్కర్లేదు. 1963 మే 4న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద జరిగిన పోలీసు దాడి దగ్గర మొదలుపెడితే చాలు.

పోలీసులు లోపలికి వెళ్లేసరికి ఐదుగురు పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నారు. బల్ల మీద టోకెన్లు, డబ్బు, చేతుల్లో ముక్కలు. మొదటి ముద్దాయి క్లబ్ కోశాధికారి. సొమ్ము ఉంచే కిట్టీ ఆయన దగ్గరే ఉంది, అందులో 74 రూపాయల 62 నయాపైసలు. ఆటలో లేకపోయినా క్లబ్ కార్యదర్శిని కూడా ఆరో ముద్దాయిగా చేర్చారు. నిజాం కాలం నుంచి అమల్లో ఉన్న హైదరాబాద్ జూద చట్టం కింద మేజిస్ట్రేటు శిక్ష వేశారు. సెషన్స్ జడ్జి ఆ శిక్ష చెల్లదంటూ హైకోర్టుకు నివేదించారు, హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. రాష్ట్ర ప్రభుత్వం అక్కడితో ఊరుకోక సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ కేసులో 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పును ఇవాళ్టికీ దేశంలోని ప్రతి రమ్మీ కేసులోనూ ఎవరో ఒకరు చదివి వినిపిస్తూనే ఉన్నారు.

మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేదని ఆ తీర్పు చెప్పింది. రమ్మీ అలాంటిది కాదంది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట అంది. పంపకంలో అదృష్టం ఉన్న మాట నిజమే, కానీ కలిపి పంచే ప్రతి పేకాటలోనూ అది ఉంటుంది, బ్రిడ్జి పంపకంలో ఎలాంటి అదృష్టం ఉందో రమ్మీలోనూ అదే తరహా అదృష్టం ఉంది అని తేల్చింది. చేతికి ఏం వచ్చిందన్నది ఒకటి, వచ్చినదాన్ని ఏం చేశావన్నది మరొకటి అని మన చట్టం విడదీసి చూసింది ఇక్కడే. తర్వాతి వాదాలన్నీ ఈ గీతకు అటో ఇటో నిలబడి చేసినవే.

ఆ గీత సరైన చోటే పడిందని పదమూడు ముక్కలాట ఆడేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రెండు పేకలు, రెండు అచ్చు జోకర్లు కలిపి 106 ముక్కలు. చేతికొచ్చిన పదమూడింటినీ రంగుల వారీగా సర్దగానే ముందు చూసుకునేది ఒరిజినల్ సీక్వెన్సు, అంటే జోకరు లేకుండా ఒకే రంగులో వరసగా కనీసం మూడు ముక్కలు, పడే దారి ఉందా అని. అది పడకపోతే మిగతావి ఎంత బాగా కుదిరినా, అవతలివాడు తన ముక్కలు ముందే కుదుర్చుకుని షో కొట్టిన క్షణాన అన్నీ మన మీద పాయింట్లుగా లెక్కకొస్తాయి, 80 దాకా. ఇస్పేటు ఆరు, ఏడు చేతిలో ఉన్నాయనుకోండి. అటు ఐదు, ఇటు ఎనిమిది, రెండు పేకలు కాబట్టి మొత్తం నాలుగు ముక్కల్లో ఏది వచ్చినా సీక్వెన్సే. అదే ఇస్పేటు ఆసు, రెండు ఉంటే మూడు ఒక్కటే పనికొస్తుంది, అంటే రెండు ముక్కలే. రెండు జతలూ చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదానికి దారులు రెండింతలు. జోకరు రాలేదు, రాజులూ రాణులూ నాలుగు రంగుల్లో చెదిరి ఉన్నాయి, పక్కపక్క ముక్కలు లేవు అంటే తెలిసినవాడు ఒక్క ముక్కయినా తీయకుండానే 20 పాయింట్లు నెత్తినేసుకుని స్కూట్ కొట్టి, అంటే ఆ ఆట వదిలేసి లేస్తాడు. ఒకసారి ముక్క తీసి, అప్పుడు లేస్తే 40. 201 పాయింట్లకు చేరినవాడు ఔటయ్యే 201 పూల్ ఆటలో మొదటి స్కూట్‌కు 25 కాబట్టి వరుసగా ఎనిమిదిసార్లు పడేస్తే 200 అవుతుంది, తొమ్మిదోసారి ఆ దారి మూసుకుపోతుంది. అందుకే ఏ చెయ్యి, అంటే చేతికొచ్చిన ఏ ముక్కలు, పడేయాలన్నది ఆ ఒక్క ఆటతో తెగదు, స్కోరు ఎంతలో ఉందో కూడా చూసుకోవాలి.

పోకర్‌లో ఈ మొదటి నిర్ణయానికి బరువు ఇంకా ఎక్కువ. టెక్సాస్ హోల్డెమ్‌లో చేతికొచ్చేవి రెండే ముక్కలు. అవి 1,326 విధాలుగా రావచ్చు. రంగుల పేర్లు పక్కనపెట్టి, రెండూ ఒకే రంగా కాదా అన్నది మాత్రం చూస్తే 169 రకాలు. ఏదో ఒక జత సగటున 17 సార్లకు ఒకసారి, రెండు ఆసులు 221 సార్లకు ఒకసారి వస్తాయి. ఆసుల జతకు ఎదురుగా ఒక్కడే ఉండి, వాడి ముక్కలేవో తెలియనప్పుడు నూటికి 85 సార్లు ఆసులే గెలుస్తాయి. ఎనిమిదిమంది ఏ ముక్కలొచ్చినా చివరిదాకా దిగకుండా కూర్చుంటే అదే జత గెలిచేది దాదాపు మూడోవంతు సార్లే. ముక్కలు మారలేదు, బలం మారింది. వేర్వేరు రంగుల ఏడు, రెండు అన్నిటికంటే బలహీనమైన చెయ్యి అంటారు. అది కూడా ఒక్కడి మీద నూటికి 35 సార్లు గెలుస్తుంది. కొత్తవాణ్ణి ముంచేది ఇదే. చెడ్డ ముక్కలతో దిగి గెలిచిన ఆ ఒక్కసారే వాడికి గుర్తుండిపోతుంది.

ఆసు, జాకీ అలాంటి మరో చెయ్యి. చూడటానికి రాజాలా ఉంటుంది. తొమ్మిదిమంది బల్ల దగ్గర మొదట మాట్లాడాల్సిన సీటులో అది వస్తే అనుభవం ఉన్నవాళ్లు చాలాసార్లు పడేస్తారు, వెనక ఎనిమిదిమంది ఇంకా నోరు విప్పలేదు కాబట్టి. వాళ్లలో ఒకరి దగ్గర ఆసు, రాజు ఉంటే దాదాపు నాలుగింట మూడుసార్లు ఓటమే. చివరి సీటుదాకా అందరూ పడేసుకుంటూ వస్తే మాత్రం అదే ఆసు, జాకీతో ధైర్యంగా పెంచుతారు.

మూడు ముక్కలాటలోనూ ప్యాక్ అని ముక్కలు పడేయడం ఉంది కదా, దాన్ని పూర్తిగా అదృష్టం అని ఎలా కొట్టిపారేస్తారని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ అక్కడ ముక్క మార్చుకునే వీలు లేదు, బల్ల మీద తెరిచిన ముక్కా లేదు. తన మూడు ముక్కలూ ఎదుటివాడి ముఖమూ తప్ప లెక్క వేసుకోవడానికి మరేమీ దొరకదు. హోల్డెమ్‌లో ఐదు ముక్కలు అందరి ముందూ విడతలుగా తెరుచుకుంటాయి. ఈ తేడాను గుజరాత్ హైకోర్టు పట్టించుకోలేదనిపిస్తుంది. 2017 డిసెంబరులో అది పోకర్‌ను మూడు ముక్కలాట గాటనే కట్టేసి జూదమంది. అక్కణ్నుంచి తీర్పులు చెరో దారి పట్టాయి. 2023 నవంబరులో మద్రాసు హైకోర్టు రమ్మీతో పాటు పోకర్ కూడా నైపుణ్యం ఆటేనంటూ వాటి మీద తమిళనాడు పెట్టిన నిషేధాన్ని కొట్టేసింది. పశ్చిమ బెంగాల్ చట్టంలో 1957 నుంచే బ్రిడ్జి, రమ్మీలతో పాటు పోకర్‌కూ మినహాయింపు ఉంది.

నైపుణ్యం ఉందా లేదా అన్న ముక్కకు నా దృష్టిలో జవాబు కోర్టుల బయట దొరికింది. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రేటస్ అనే ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్లతో 20 రోజులపాటు 1,20,000 చేతులు ఆడింది. అక్కడి నిర్వాహకులు పంపకంలోని అదృష్టాన్ని తీసేయడానికి ఒక పని చేశారు. ఒక గదిలో మనిషికి వచ్చిన ముక్కలే ఇంకో గదిలో ప్రోగ్రాంకు ఇచ్చారు, ప్రోగ్రాం ముక్కలు మనిషికి ఇచ్చారు. బ్రిడ్జి పోటీల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది, ఒకే పంపకాన్ని అన్ని బల్లల దగ్గరా ఆడిస్తారు. చివరికి ప్రోగ్రాం 17 లక్షల 66 వేల డాలర్ల విలువైన చిప్పులతో ఆధిక్యంలో నిలిచింది. నైపుణ్యం లేని ఆటలో ఇది సాధ్యమయ్యే పని కాదు.

అయితే ఆ 1,20,000 అంకెనే ఇటు తిప్పి చూడాలి. ముక్కలు తారుమారు చేసి ఇచ్చినా, నైపుణ్యం నిస్సందేహంగా బయటపడటానికి అన్ని వేల చేతులు ఆడించాల్సి వచ్చింది. జీతం పడిన రాత్రి ఫోనులో రెండు గంటలు ఆడేవాడి ఖాతాలో అంతకాలం ఆగేంత డబ్బు ఉండదు. పైగా ఫోనులో ఆట వేగం వేరు. క్లబ్బు బల్ల దగ్గర గంటకు పాతిక, ముప్ఫై చేతులు ఆడితే ఆన్‌లైన్‌లో ఒక్క బల్ల మీదే 60, 70 నడుస్తాయి. అనుభవం ఉన్నవాడు ఒకేసారి నాలుగైదు బల్లలు తెరుచుకుని, చాలా చేతులు పడేస్తూ, మంచివి వచ్చేదాకా ఓపిక పడతాడు. వాడి లాభం ఎక్కణ్నుంచి వస్తుంది? పడేయాల్సిన చేతిని పడేయలేనివాడి జేబులోంచే.

సత్యనారాయణ తీర్పులో కంపెనీల లాయర్లు తొందరగా దాటేసే వాక్యం ఒకటుంది. క్లబ్బు గానీ ఇంటి యజమాని గానీ పందెంతో ఆడే రమ్మీ నుంచో మరే ఆట నుంచో లాభం సంపాదిస్తున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చని అదే తీర్పు చెప్పింది. ఆట నైపుణ్యమైనదైతే చాలు, దాన్ని నడిపేవాడు ఏం చేసినా ఒప్పేనని అది ఎక్కడా అనలేదు. నాకు అసలు మలుపుగా కనిపించేది ఈ వాక్యమే. అర్ధశతాబ్దంపాటు నైపుణ్యం గురించిన పేరా చుట్టూ వాదించుకుని దీన్ని పక్కన పడేశాం.

దీనికి కంపెనీల జవాబు ఇది: అదే కేసులో క్లబ్బు ఒక్కో ఆటకు ఐదు పాయింట్ల రుసుము తీసుకుంది, కోర్టు దాన్ని లాభంగా చూడలేదు, మేం తీసుకునేదీ సేవా రుసుమే. కానీ క్లబ్బు రుసుమును కోర్టు చూసింది పేకలు కొనడం, సభ్యులకు వసతులు సమకూర్చడం లాంటి మామూలు ఖర్చుల కింద. 2025 నిషేధానికి ముందు ఆన్‌లైన్‌లో ప్రతి బల్ల మీదా పడిన డబ్బులో నూటికి పదో, పదిహేనో కంపెనీకి పోయేది, దీన్నే రేక్ అంటారు. ఆరుగురు తలా వంద వేస్తే 600. నూటికి పది చొప్పున తీస్తే గెలిచినవాడికి 540. ఆరుగురూ సరిసమానమైన ఆటగాళ్లయితే పది ఆటలు తిరిగేసరికి తలా వెయ్యి వేసి సగటున 900 వెనక్కి తీసుకుంటారు. వంద ఆటలకు తలా వెయ్యి నష్టం. అక్కడ ఓడిందెవరు, గెలిచిందెవరు అని చూస్తే కంపెనీ తప్ప గెలిచినవాడు కనిపించడు.

రాష్ట్రాలు ఈ వాక్యాన్ని పట్టుకుని ఉంటే కథ వేరేగా ఉండేదేమో. అవి మాత్రం మొదటి గీతనే చెరపబోయాయి. 2017లో తెలంగాణ ఆర్డినెన్సులు తెచ్చి, జూద చట్టంలో నైపుణ్యం ఆటలకున్న రక్షణను తీసేసింది. రమ్మీలో కొంత నైపుణ్యం, కొంత అదృష్టం ఉన్నాయి కాబట్టి అది నైపుణ్యం ఆట కాదని చట్టంలోనే రాసింది. కొంత అదృష్టం ఉన్నా ప్రధానమైనది నైపుణ్యమేనని అంతకు 50 ఏళ్ల ముందు, అదే సికింద్రాబాద్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటకు ఇది నేరుగా ఎదురు. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించింది. కుటుంబాలు అప్పుల పాలవుతున్నాయన్నది రెండు ప్రభుత్వాల కారణం. అది నిజమైన బాధ. దాన్ని వదిలి, ముక్కల ఆటలో తెలివి ఎంత అని తూచడానికి పోవడంతో వాదం కంపెనీలకు అనువైన చోటికి వెళ్లింది.

2025 చట్టం ఆ తూకాన్నే పక్కనపెట్టింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటను నడపకూడదంది. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు. ఏటా 45 కోట్లమంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది అప్పట్లో ప్రభుత్వ వర్గాలు చెప్పిన అంచనా.

జూదం, పందేలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, పార్లమెంటుకు ఈ అధికారం లేదని కంపెనీలు అంటున్నాయి. నైపుణ్యం ఆటను నడపడం వ్యాపార స్వేచ్ఛ కిందికి వస్తుందన్నది వాళ్ల రెండో వాదం. ఈ రెండో వాదానికి ఆధారం సత్యనారాయణ తీర్పులో పంపకం గురించి రాసిన పేరానే. అదే తీర్పులో నిర్వాహకుడి లాభం గురించి రాసిన వాక్యం ఆన్‌లైన్ రేక్‌కు వర్తిస్తుందా లేదా అన్నది సుప్రీంకోర్టు తేల్చాల్సిన ముక్క. నూటికి పది తీసుకునే నిర్వాహకుడు ఆ వాక్యానికి ఏ వైపున ఉన్నాడో కంపెనీల లాయర్లు చెప్పే జవాబు కోసమే నేను ఎదురుచూస్తున్నాను.