కుక్కల ఫోటోలకి జూమ్ లెన్స్: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మాది బరంపురం. పెళ్ళిళ్ళ ఫోటోగ్రఫీ మా పని, కొన్నేళ్ళుగా ఇళ్ళల్లో పెంచుకునే కుక్కలవీ పిల్లులవీ కూడా తీస్తున్నాను. ఇటు ఇచ్ఛాపురం నుంచీ అటు పర్లాకిమిడి నుంచీ ఫోన్లు వస్తుంటాయి, "అన్నా, మా కుక్కకి ఫోటోలు తియ్యడానికి ఏ జూమ్ లెన్స్ కొనమంటావ్" అని. నేను ముందు అడిగేవి రెండే, మీ కుక్క మిమ్మల్ని ఎంత దగ్గరికి రానిస్తుంది, మీరు తీసే చోటు ఎంత ఉంటుంది? ఇవి తేల్చుకోకుండా కొన్న లెన్స్ బీరువాలోనే ఉండిపోతుంది, చాలా ఇళ్ళల్లో చూశాను.

అపోహ: ఎక్కువ ఎక్స్ ఉన్న లెన్స్ ఎక్కువ దూరం లాగుతుంది.

ఇది ఫోన్ల వల్ల వచ్చింది. ఎక్స్ అంటే లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే రెండు నంబర్లలో పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే వచ్చేది, అంతే. 18-55 దాదాపు 3 ఎక్స్, 70-200 కూడా 3 ఎక్స్‌కి కొంచెం తక్కువే, కానీ గోడమీద కూర్చున్న పిల్లి ముఖం కిందనుంచి ఫ్రేమ్ నిండా రావాలంటే రెండోదే కావాలి. చివరి నంబర్ చూడండి, అది ఎంత పెద్దదయితే అంత దూరం లాగుతుంది.

అపోహ: పొడవు జూమ్ ఒకటుంటే ఇంటా బయటా సరిపోతుంది.

మా పాత వీధుల్లో ఇళ్ళు తెలుసు కదా, వెడల్పు తక్కువ, అరుగు నుంచి పెరటి దాకా గదులన్నీ రైలు పెట్టెల్లాగ ఒకదాని వెనక ఒకటి. క్రాప్ సెన్సార్ (కాస్త చిన్న సెన్సార్ ఉండే) కెమెరాకి 200 పెట్టి పక్కకి తిరిగి నిలబడ్డ ల్యాబ్రడార్‌ని తోకతో సహా పట్టాలంటే మీరు 10 మీటర్ల పైన వెనక్కి జరగాలి, అంటే వీధిలోకి పోవాలి! అదే 55 దగ్గరైతే 3 మీటర్లు చాలు. అందుకే ఇంట్లో తీసేవాళ్ళకి 18-55 లేదా కుదిరితే 17-50 ఎఫ్ 2.8 (ఎఫ్ నంబర్ ఎంత చిన్నదయితే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది), మైదానంలోనో గోపాల్‌పూర్ బీచ్‌లోనో తీసేవాళ్ళకి 55-250 లేదా 70-300 అని చెప్తాను. 70-200 ఎఫ్ 2.8 గొప్ప లెన్సే, కాదనను, కానీ చాలా మోడళ్ళు కిలో పైనే ఉంటాయి, కుక్క వెనకాల గంటసేపు తిరిగితే మణికట్టు పట్టేస్తుంది.

అసలు పొడవు జూమ్ ఎందుకో నాకు తెలిసొచ్చింది పర్లాకిమిడిలో ఒక మామ్మగారింట్లో. వీధిలోంచి తెచ్చి పెంచుకుంటున్న కుక్క, పేరు కుని. ఇంట్లో అంతా తెలుగే, దాన్ని మాత్రం ఒడియాలో "ఆ, ఆ" (రా, రా) అని పిలుస్తారు. నేను 18-55తో దగ్గరికి వెళ్ళేసరికి చెవులు వెనక్కి వాల్చి మంచం కిందకి దూరిపోయింది. "బాబూ, దాని జోలికెళ్ళకు, అదే వస్తుంది" అన్నారావిడ. సరేనని 55-250 తగిలించి పెరట్లో నూతి పక్కన నేలమీద బోర్లా పడుకున్నాను, ఓ ఇరవై నిమిషాలు ఊరికే. ముందు ముక్కు, తర్వాత ఒక కాలు, తర్వాత గుమ్మం మీద గడ్డం ఆనించి నావైపు చూసింది, ముక్కుమీద బియ్యప్పిండి అంటుకుని ఉంది, ముగ్గు వాసన చూసినట్టుంది. ఆ ఫోటో 250లో వచ్చింది. జూమ్ దాన్ని నా దగ్గరికి లాక్కురావడానికి కాదు, దానికి కావలసిన దూరం దానికి వదిలెయ్యడానికి.

అపోహ: ఎఫ్ 2.8 ఉంటే ఎప్పుడూ దాంట్లోనే తియ్యాలి, వెనక బ్లర్ బాగొస్తుంది.

క్రాప్ సెన్సార్ కెమెరాలో 3 మీటర్ల దూరంలో 200, ఎఫ్ 2.8 పెడితే షార్ప్‌గా వచ్చే లోతు రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు, అంటే మీ రెండు వేళ్ళ వెడల్పంత కూడా లేదు. పొడుగు మూతి కుక్కకి కన్ను షార్ప్‌గా ఉండి ముక్కు కరిగిపోతుంది. ఎఫ్ 5.6కి వెళ్ళండి, అప్పుడు కూడా ముక్కు కొస దాకా రాకపోవచ్చు గానీ ముఖం ముఖంలా ఉంటుంది. బ్లర్ కావాలంటే కుక్కని గోడకి దూరంగా తీసుకురండి, వెనక ఓ ఐదారు మీటర్లు ఖాళీ ఉంటే 55-250 లాంటి చవక లెన్స్ కూడా మంచి బ్లర్ ఇస్తుంది.

స్టెబిలైజర్ ఉంటే పరిగెత్తే కుక్క కూడా షార్ప్‌గా వస్తుందంటారు. రాదు. లెన్స్ మీద ఐఎస్ అని రాసినా వీఆర్ అని రాసినా ఆ స్టెబిలైజర్ ఆపేది మీ చేతి వణుకుని, కుక్క కాళ్ళని కాదు. పరుగుకి షట్టర్ 1/1000 సెకను లేదా ఇంకా వేగంగా పెట్టి, ఐఎస్‌ఓ (వెలుతురుని పట్టే సెట్టింగు) ఆటోలో వదిలెయ్యండి, కాస్త గ్రెయిన్, అంటే సన్న చుక్కలు వచ్చినా పర్వాలేదు.

ఇంకోటి, ఇది మా పెళ్ళి వీడియోవాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది: జూమ్ పూర్తిగా లాగి కంటిమీద ఫోకస్ చేసి, తర్వాత వెనక్కి తిప్పుకుంటే ఫోకస్ అలాగే ఉంటుందని. వీడియో కెమెరాల లెన్సులకి అది నిజమే, స్టిల్ కెమెరా జూముల్లో చాలావాటికి తిప్పగానే ఫోకస్ జారిపోతుంది. అందుకే కంటిన్యువస్ ఫోకస్ (కదిలేదాన్ని వెంటాడుతూ ఫోకస్ చేసే మోడ్) పెట్టి, ఎడం చెయ్యి లెన్స్ కింద ఉంచి, కుక్క మీవైపు పరిగెత్తుకొస్తుంటే 200 నుంచి 70 వైపు తిప్పుకుంటూ రండి. మొదట్లో తలలు తెగిపోతాయి, ఖాళీ కెమెరాతో వీధిలో వచ్చేపోయే సైకిళ్ళమీద ప్రాక్టీస్ చెయ్యండి, చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

అపోహ: లెన్స్ బ్యాగులో పెట్టి జిప్పు వేస్తే భద్రం.

సముద్రం పక్క ఊళ్ళవాళ్ళం, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. వానాకాలం గాలిలో తేమకి మూసిన బ్యాగులో ఫంగస్ పట్టేస్తుంది, నా మొదటి పొడవు జూమ్ అలాగే పోయింది, చాలా బాధపడ్డాను. రబ్బరు వాషర్ ఉన్న మూత డబ్బా, అందులో సిలికా జెల్ చాలు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే తేమ పీల్చేశాయని, వేడి చేస్తే మళ్ళీ నీలం అవుతాయి. బీచ్ నుంచి వచ్చాక ఇసుకంతా ఊది, కొంచెం తడిపిన గుడ్డతో బయట బాడీ తుడిచి, ఆరాకే డబ్బాలో పెట్టండి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు వెనక నుంచి టార్చ్ వేసి లోపలికి చూడండి, సాలెగూడు పోగుల్లాంటివి తెల్లగా కనిపిస్తే ఎంత చవగ్గా ఇస్తానన్నా వద్దనెయ్యండి.