అతిశీతలంలో విరగని ఉక్కు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో చలికి తట్టుకునే ఉక్కుతో పనేముంది?

వాస్తవం: చలి వాతావరణంలోనే ఉండనక్కరలేదు, ట్యాంకులో ఉన్నా చాలు. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183, ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతాయి. మన జిల్లాలోని శ్రీహరికోటలో రాకెట్ క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే) దశకు నింపేది ఈ రెండింటినే. పెద్దాసుపత్రుల ఆవరణలోని ఆక్సిజన్ ట్యాంకు లోపలి పాత్ర కూడా, బయట ఎంత ఎండ కాసినా, ఆ చలిలోనే పనిచేస్తుంది.

అపోహ: బలమైన ఉక్కు అంత సులభంగా విరగదు.

వాస్తవం: బలం అంటే శాశ్వతంగా వంగకుండా మోయగల భారం, టఫ్‌నెస్ అంటే పగులు మొదలైనా అది పాకిపోకుండా ఉక్కు ఇముడ్చుకోగల శక్తి. చల్లబడేకొద్దీ మామూలు ఉక్కు బలహీనపడదు, నిజానికి మరింత బలపడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. స్ఫటికంలో పరమాణువుల పొరలు ఒకదానిపై ఒకటి జారడానికి కావలసిన ఒత్తిడి చలిలో వేగంగా పెరిగి, స్ఫటికం నేరుగా చీలడానికి సరిపోయే ఒత్తిడిని మించినప్పుడు, లోహం సాగే అవకాశమే లేక గాజులా పగులుతుంది. ఇలాగే 1943 జనవరిలో అమెరికాలో స్కెనెక్టడీ అనే ట్యాంకర్ నౌక, రేవులో కదలకుండా నిలిచి ఉండగానే, దాదాపు రెండుగా చీలిపోయింది.

అపోహ: బలం పెంచితే టఫ్‌నెస్ తగ్గక తప్పదు.

వాస్తవం: కార్బన్ పెంచి బలం తెచ్చుకుంటే ఈ మాట నిజమే. అయితే గ్రెయిన్లను, అంటే ఉక్కులోని చిన్న చిన్న స్ఫటికాలను, సన్నబరిస్తే రెండూ కలిసి పెరుగుతాయి, ఎందుకంటే వాటి సరిహద్దులు జారుడుకూ చీలికకూ ఒకేసారి అడ్డు తగులుతాయి. అందుకే కార్బన్ తగ్గించి, సుమారు 0.03 నుంచి 0.05 శాతం నియోబియం అనే లోహం కలిపి, అదుపు చేసిన ఉష్ణోగ్రతలో రోలింగ్ చేసి (రోలర్ల మధ్య నొక్కి పలుచన చేసి), వెంటనే నీటితో చల్లారుస్తారు. గంధకం, భాస్వరం వీలైనంత తగ్గించాలి. ఖరీదైన మిశ్రమాల కన్నా ముందు ఈ శుభ్రతకు ఖర్చుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

అపోహ: నికెల్ కలిపితే పని అయిపోయినట్టే.

వాస్తవం: 9 శాతం నికెల్ ఉక్కు మైనస్ 196 డిగ్రీల వరకు పనికొస్తుంది, దాని కనీస ఈల్డ్ బలం (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) 585 మెగాపాస్కల్ ఉండగా, 304 అనే రకం స్టెయిన్‌లెస్ ఉక్కుకు నిర్దేశించినది 205 మాత్రమే. కానీ ఆ గుణం క్వెంచింగ్ (కాల్చి వేగంగా చల్లార్చడం), టెంపరింగ్ (తర్వాత మళ్లీ మితంగా వేడిచేయడం) సరిగా జరిగితేనే వస్తుంది. టెంపరింగ్‌లో ఏర్పడే కొద్దిపాటి ఆస్టెనైట్, అంటే చలిలోనూ సాగే గుణమున్న స్ఫటిక రూపం, చలిలోనూ మారకుండా నిలవాలి. వేడి మితిమీరితే అది అస్థిరమై, చల్లబడగానే మార్టెన్‌సైట్ అనే పెళుసైన స్ఫటిక రూపంగా మారిపోతుంది. ద్రవ హైడ్రోజన్‌కు మాత్రం స్టెయిన్‌లెస్ వైపే మొగ్గడం మంచిది.

అపోహ: ప్లేటు సర్టిఫికెట్ బాగుంటే ట్యాంకు బాగున్నట్టే.

వాస్తవం: వెల్డింగ్ వేడి తగిలిన పక్క భాగంలో గ్రెయిన్లు ముతకబడతాయి కనుక హీట్ ఇన్‌పుట్‌కు (వెల్డింగ్‌లో లోహానికి అందే వేడికి) హద్దు పెట్టి, 9 శాతం నికెల్ ఉక్కుకు సాధారణంగా నికెల్ ఆధారిత ఎలక్ట్రోడ్లే (వెల్డింగ్ కడ్డీలే) వాడతారు. ఆ ప్లేట్లను అయస్కాంతపు క్రేనుతో ఎత్తకూడదు కూడా, ఎందుకంటే మిగిలిన అయస్కాంతత్వం వెల్డింగ్ ఆర్క్‌ను పక్కకు లాగేస్తుంది. చార్పీ పరీక్షను (గాటు పెట్టిన నమూనాను లోలకంతో కొట్టి విరిచి, అది ఇముడ్చుకున్న శక్తిని కొలిచే పరీక్షను) వెల్డుపైనా, దాని పక్క భాగంపైనా విడివిడిగా, ట్యాంకు పనిచేసే ఉష్ణోగ్రత వద్దగానీ అంతకన్నా తక్కువలోగానీ చేయించాలి. నమూనాను శీతల ద్రవం నుంచి తీసిన 5 సెకన్లలోపు లోలకం తగలకపోతే ఆ అంకెను లెక్కలోకి తీసుకోకూడదు.