ఆసియా సాహిత్యానికి విజయనగరంలో పత్రికేటి? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆసియా రచనల కోసం మేం ఇక్కణ్ణుంచి ఒక చిన్న పత్రిక తెస్తున్నాం, ఎడిటింగ్ నేను చూస్తాను. ఎక్కడికెళ్ళినా దీని గురించి ఇవే అపోహలు వినపడుతున్నాయి కాబట్టి ఒక్కచోట రాసేస్తున్నా.

అపోహ: ఆసియా అంటే జపాన్, చైనా, ఈమధ్య కొరియా.

2024లో హాన్ కాంగ్‌కి నోబెల్ వచ్చాక కొరియా కథలు బాగా వస్తున్నాయి, సంతోషమే. కానీ అటు టర్కీ, పాలస్తీనా కూడా ఆసియానే, ఇటు బర్మా ఉంది. అసలు బర్మా మనకి పరాయిదేటండి? మన పాతోళ్ళు రంగూన్‌ని రంగం అనే అంటారు, కూలికెళ్ళినోళ్ళు, వ్యాపారానికెళ్ళినోళ్ళు 1941-42లో జపాన్ బాంబులకి భయపడి తిరిగొచ్చేశారు, కొందరైతే అడవుల్లో నడుచుకుంటూ. మీ ఇంట్లో రంగం కబుర్లుంటే రాసి పంపండి, టోక్యో కథ పక్కనే వేస్తాను. సీతంపేట కొండల్లో సవర పాటలు కూడా ఈ లెక్కలోవే. గిడుగు రామమూర్తి గారు ఆ భాషకి నిఘంటువు చేసిపెట్టి వెళ్ళారు, అక్కణ్ణుంచి మాకు వచ్చేది మాత్రం బాగా తక్కువ.

అపోహ: రచయిత ఎప్పుడో పోయాడు కదా, కాపీరైట్ లేదు.

తగువులన్నీ ఇక్కడే. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళ వరకు హక్కుంటుంది. చైనా రచయిత లూ షున్ 1936లో పోయాడు, ఆయన చైనీస్ మూలానికి ఎవర్నీ అడగక్కర్లేదు. మరి మనలో చైనీస్ చదివి తెలుగు చేసేవాళ్ళెవరు, అందరం ఇంగ్లీషులోంచే కదా, ఆ ఇంగ్లీషు చేసినవాళ్ళకి వేరే హక్కుంటుంది. యాంగ్ షియన్‌యీ, గ్లాడిస్ యాంగ్ దంపతుల అనువాదం పట్టుకున్నారనుకోండి, షియన్‌యీ గారు పోయింది 2009లో, లెక్కేసుకోండి. అందుకే ఏ ఇంగ్లీషు పుస్తకం, ఎవరి అనువాదం, ఎవరు వేశారు అన్నీ రాసి పంపండి, పబ్లిషర్‌కి ఉత్తరం మేం రాసుకుంటాం. జవాబుకి నెలలు పట్టొచ్చు, ఒకరు డబ్బడుగుతారు, ఒకరు రెండు కాపీలు పంపితే చాలంటారు, జవాబే రాకపోతే ఆ కథ వెయ్యం. నెట్‌లో ఫ్రీగా దొరికింది సార్ అంటే ఏం చెప్పాలి, దొరకడం వేరు, అచ్చేసుకోవడం వేరు.

ఇంకోటి, మీరు అనువాదం చేసే కథ ఇదివరకే తెలుగులో వచ్చిందేమో చూసుకోండి. శ్రీకాకుళంలో కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయంలో పాత పత్రికలున్నాయి, వెళ్ళి ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

అపోహ: ఎడిటరంటే అచ్చుతప్పులు దిద్దేవాడు.

దిద్దకుండా ఆపడం కూడా మా పనే. కథలో ముసలాయన "ఒచ్చీసినాడు" అంటే ప్రూఫులో ఎవరో "వచ్చేశాడు" చేసేస్తారు, నేను మళ్ళీ వెనక్కి మార్చి పక్కన "ఇలాగే ఉంచాలి" అని ఎర్ర ఇంకుతో రాస్తాను. ఆపైన యూనికోడ్‌లో వచ్చిన కథని అచ్చుకి వాడే అనూ ఫాంటుకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, విదేశీ పేర్లలో మరీను, ప్రతి పేరూ చేత్తో చూసుకోవాల్సిందే.

అపోహ: కథ బాగుంటే ఈ సంచికలోనే వచ్చేస్తుంది, రాలేదంటే తెలిసినోళ్ళకి వేసుకున్నారు.

అచ్చులో పేజీల లెక్క ఫారాల్లో ఉంటుంది, డెమీ సైజు పుస్తకానికి ఒక ఫారం అంటే 16 పేజీలు. 5 ఫారాలకి 80. మీ కథతో 83 అయితే ఇంకో ఫారం ఎత్తాలి, మిగిలిన 13 పేజీలకి కూడా కాగితం, ప్రింటింగ్ ఖర్చే. అందుకని మంచి కథ ఆగుతుంది, రెండు పేజీల కవిత ఎక్కేస్తుంది. తెలిసినోళ్ళవి కూడా ఇలాగే ఆగాయి, వాళ్ళు నాతో మాట్లాడ్డం మానేశారు, అది వేరే కథ.

అపోహ: ఐఎస్ఎస్ఎన్ ఉంటే గొప్ప పత్రిక.

అది పత్రికలకిచ్చే 8 అంకెల గుర్తింపు నంబరు, అంతే, దరఖాస్తు పెడితే ఉచితంగా ఇస్తారు, లోపల ఏముందో ఎవరూ చదివి ఇవ్వరు. ప్రమోషన్‌కి తమ రచన అచ్చయినట్టు సర్టిఫికెట్ కావాలని ఫోన్ చేసే లెక్చరర్లూ, మా దగ్గర సర్టిఫికెట్లుండవండీ, సంచిక మాత్రం పోస్టులో పంపిస్తాం.